సొమ్మొకరిది, గొంతొకరిది

ఒక రచనను గానీ, ఒక హక్కుల నివేదికను గానీ దాని వెనుక డబ్బు పెట్టినవాణ్ణి బట్టి విలువ కట్టవచ్చునా? ఈ ప్రశ్నకు మన దేశంలో రెండు సమాధానాలు చలామణిలో వున్నాయి. పాలకులూ, వారిని సమర్థించే పత్రికలూ ఇచ్చే సమాధానం ఒకటి: విదేశీ సొమ్ము తిన్నవాడు విదేశీయుల మాటే పలుకుతాడు, కనుక వాడు చెప్పినదేదీ వినవలసిన పని లేదు. విరాళాలతో నడిచే సంస్థలవారు ఇచ్చే సమాధానం రెండవది: డబ్బుకు రంగూ లేదు, వాసనా లేదు, మంచి పనికి ఉపయోగపడితే చాలు. మొదటిది దబాయింపు అనీ, రెండవది ఆత్మవంచన అనీ నా అభిప్రాయం. వీటిలో దేన్ని ఒప్పుకున్నా విమర్శకుడికి పని మిగలదు. మొదటిదాని ప్రకారం పుస్తకం తెరవకముందే తీర్పు అయిపోతుంది. రెండవదాని ప్రకారం పుస్తకం మూసిన తర్వాత కూడా ప్రశ్న పుట్టదు.

ఇది స్వచ్ఛంద సంస్థల గొడవ, సాహిత్య విమర్శకు దీనితో ఏమి పని అని కొందరు అనవచ్చు. పని వుంది. విదేశీ సొమ్మూ, స్వేచ్ఛా కలిసి కాపురం చేసిన అతి పెద్ద ఉదంతం సాహిత్య పత్రికలదే. అక్కడినుంచే మొదలుపెడతాను.

1

1950 జూన్‌లో పశ్చిమ బెర్లిన్‌లో కొందరు రచయితలూ, తత్వవేత్తలూ సమావేశమై 'కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడమ్' అనే సంస్థను స్థాపించారు. సాంస్కృతిక స్వేచ్ఛను కాపాడడం దాని ప్రకటిత లక్ష్యం. మేధావివర్గంలో కమ్యూనిజాన్ని ఎదుర్కోవడం దాని నిత్యకృత్యం. పారిస్‌లో కార్యాలయం పెట్టుకుని అది అనేక దేశాల్లో పత్రికలు నడిపింది, నడుస్తున్నవాటికి సాయం చేసింది. 1953లో లండన్‌లో మొదలైన 'ఎన్‌కౌంటర్', పారిస్‌లోని 'ప్రూవ్', 1955లో బొంబాయి నుంచి నిసీమ్ ఎజెకీల్ సంపాదకుడుగా వెలువడిన 'క్వెస్ట్' ఆ కుటుంబంలోనివే. జయప్రకాశ్ నారాయణ్ వంటి పెద్దమనిషి ఆ సంస్థ గౌరవాధ్యక్షులలో ఒకరుగా వున్నారు.

డబ్బు ఎక్కడిది అని అడిగినవారికి ఫార్‌ఫీల్డ్ ఫౌండేషన్ వంటి అమెరికన్ ధర్మసంస్థల పేర్లు చెప్పేవారు. జూలియస్ ఫ్లైష్‌మన్ అనే ధనవంతుడు దానికి అధ్యక్షుడు. ధనవంతుడు కళాపోషణ చేస్తే ఎవరికి అనుమానం వస్తుంది? నిజానికి ఆ సొమ్ము అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ.ది. 1966 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ ఈ సంగతి బయటపెట్టింది. 1967 మే నెలలో సి.ఐ.ఎ. మాజీ అధికారి థామస్ బ్రాడెన్ స్వయంగా వ్యాసం రాసి, గర్వంగానే ఒప్పుకున్నాడు. పారిస్ కార్యాలయాన్ని మొదటినుంచీ నడిపిన మైకేల్ జోసెల్సన్ సి.ఐ.ఎ. మనిషేనని తేలింది. స్టీఫెన్ స్పెండర్, ఫ్రాంక్ కెర్మోడ్ 'ఎన్‌కౌంటర్' సంపాదకత్వం వదులుకున్నారు.

ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పడం తేలిక. ఆ పత్రికలన్నీ గూఢచారుల కరపత్రాలే అనేస్తే సరిపోతుంది. కాని వాస్తవం అంత సులువుగా లొంగదు. ఉగాండాలోని కంపాలాలో 1961లో రజత్ నియోగీ అనే భారత సంతతి యువకుడు 'ట్రాన్సిషన్' పత్రిక పెట్టాడు. ఆఫ్రికా కొత్త సాహిత్యానికి అది వేదిక అయింది. దానికీ ఆ కాంగ్రెస్ సాయం అందింది. అదే నియోగీని 1968లో ఉగాండా ప్రభుత్వం జైలులో పెట్టింది, ప్రభుత్వాన్ని విమర్శించే రచనలు అచ్చువేసినందుకు. సొమ్ము వచ్చిన దారి అబద్ధం, అతను అనుభవించిన జైలు నిజం. మన 'క్వెస్ట్' సంగతీ అంతే. ఎమర్జెన్సీలో సెన్సారు కత్తి కింద అది ఆగిపోయింది. గూఢచారుల డబ్బుతో పుట్టిన పత్రిక ప్రతిదీ గూఢచారి పత్రికే అయితే ఈ రెండు సంగతులనూ ఎలా వివరిస్తాం?

మరి ఆ సొమ్ము చేసిన హాని ఏమిటి? అచ్చయినదానిలో కంటే అచ్చుకానిదానిలో అది బాగా కనిపిస్తుంది. 1958లో డ్వైట్ మక్డోనాల్డ్ అమెరికా జీవితం మీద ఘాటైన వ్యాసం ఒకటి రాశాడు. 'ఎన్‌కౌంటర్' మొదట తీసుకుని, తర్వాత తిప్పి పంపింది. చివరికి అది అమెరికాలోనే 'డిసెంట్' అనే పత్రికలో వచ్చింది. ఇందులోని తమాషా గమనించండి. అమెరికాను తిట్టే వ్యాసం అమెరికాలో అచ్చుకావచ్చును గాని, అమెరికా సొమ్ముతో లండన్‌లో నడిచే స్వేచ్ఛాపత్రికలో కారాదు! అలాగే 1964లో పాబ్లో నెరూడాకు నోబెల్ బహుమానం రాబోతున్నదన్న వదంతి పుట్టినప్పుడు, దాన్ని అడ్డుకోవడానికి ఆ కాంగ్రెస్ పనిగట్టుకుని ప్రచారం సాగించింది. ఆ బహుమానం ఆయనకు 1971లో గాని రాలేదు. 1999లో ఫ్రాన్సెస్ స్టోనర్ సాండర్స్ రాసిన గ్రంథం ఈ వ్యవహారాలను కాగితాలతో సహా విప్పి చూపింది.

కాబట్టి మొదటి సూత్రం ఇది. దాత తన మాటలు రచయిత నోట పెట్టడం అరుదు. అంత మొరటుగా వుంటే ఎవరూ మోసపోరు. రచయిత తనంతట తాను మాట్లాడుతూనే వుంటాడు, ఏదో ఒక చోటికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తాడు. తగ్గించినట్టు అతనికే తెలియకపోవచ్చు. విమర్శకుడు వెదకవలసింది ఆ చోటును.

2

ఈ కథను అభ్యుదయ శిబిరంలో చాలా ఉత్సాహంగా చెప్పుకున్నారు, ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. దీని పక్కనే వున్న రెండవ కథను అంత ఉత్సాహంగా చెప్పుకోలేదు. అది కూడా చెప్పకపోతే ఈ విమర్శకు నిజాయితీ వుండదు.

1958లో తాష్కెంట్‌లో ఆఫ్రో-ఆసియా రచయితల మహాసభ జరిగింది. ఆ ఉద్యమం నుంచి 1968లో కైరోలో వెలువడిన పత్రికే తర్వాత 'లోటస్' అయింది. అరబ్బీ, ఇంగ్లీషు, ఫ్రెంచి భాషల్లో వచ్చేది. ఫైజ్ అహ్మద్ ఫైజ్ బేరూత్‌లో వుండి దానికి సంపాదకత్వం వహించారు. మన ఖండాల రచయితలను లండన్, పారిస్‌ల మధ్యవర్తిత్వం లేకుండా ఒకరికొకరిని పరిచయం చేసిన ఘనత దానిది. దాని ఖర్చు భరించింది ఈజిప్టు, సోవియట్ యూనియన్, తూర్పు జర్మనీ ప్రభుత్వాలు.

తెలుగువారికి ఇంతకంటే దగ్గరి అనుభవం మాస్కో పుస్తకాలు. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు రష్యన్ సాహిత్యాన్ని అచ్చమైన తెలుగులో, గట్టి అట్టతో, కాఫీ ఖర్చుకు అందించాయి. ఉప్పల లక్ష్మణరావు గారి వంటివారు మాస్కోలో కూర్చుని అనువాదాలు చేశారు. సోవియట్ భూమి నెహ్రూ బహుమతి 1966లో శ్రీశ్రీ 'ఖడ్గసృష్టి'కి వచ్చింది. ఆ పుస్తకాలు లేకపోతే ఒక తరం తెలుగు పాఠకులకు టాల్‌స్టాయ్, చెహోవ్, గోర్కీ ఇంత దగ్గరయ్యేవారు కారు. ఈ మేలును కాదనేవాడు కృతఘ్నుడు.

కాని ఆ పార్సిల్‌లో ఏమి లేదో కూడా చూడాలి. 'డాక్టర్ జివాగో' లేదు. పాస్టర్‌నాక్ చేత 1958లో నోబెల్ బహుమానం వదులుకునేట్టు చేసిన ప్రభుత్వమే ఆ పార్సిల్ కట్టింది. ఆ నవల సోవియట్ దేశంలో అచ్చయింది 1988లో. సిన్యావ్‌స్కీ, డానియల్ అనే ఇద్దరు రచయితలను తమ రచనల నేరానికి 1966లో శ్రమశిబిరాలకు పంపారు. వారి పేర్లూ ఆ పార్సిల్‌లో లేవు. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయింది. దానితో మాస్కో తెలుగు పుస్తకమూ ఆగిపోయింది, 'లోటస్' కూడా ఆగిపోయింది. ఒక దేశపు ఖజానా తాళం పడితే మూతపడే సాహిత్య సంబంధం ఎంత గొప్పదైనా, దాని వేరు మన నేలలో లేదన్నమాటే.

ఈ రెండు కథలూ సమానమేనా? కాదు. ఒక తేడా వుంది, అది చిన్నది కాదు. మాస్కో పుస్తకం ఎవరిదో దాని మొదటి పేజీలోనే రాసి వుండేది. పాఠకుడు తన విచక్షణకు తగినట్టు కొంత తీసివేసి చదువుకునే వీలుండేది. ఫార్‌ఫీల్డ్ సొమ్ము ముసుగు వేసుకుని వచ్చింది, పాఠకుడికి ఆ వీలు లేకుండా చేసింది. అందువల్ల రెండవ సూత్రం: డబ్బు విషయంలో రహస్యం పాఠకుడికి ద్రోహం. అయితే బహిరంగంగా వుండడం మౌనానికి మందు కాదు. పేరు చెప్పుకున్న దాత ముందు కూడా గొంతు తగ్గుతుంది.

3

ఇప్పటి విరాళాలకు వద్దాం. ఈనాడు హక్కుల సంస్థలకు వచ్చే డబ్బులో చాలా భాగం గుట్టుగా వచ్చేది కాదు. దరఖాస్తులుంటాయి, ఒప్పందాలుంటాయి, ఏటేటా ప్రభుత్వానికి దాఖలు చేసే లెక్కలుంటాయి. కనుక ఇక్కడ వెదకవలసింది రహస్యాన్ని కాదు, పని జరిగే తీరును. డబ్బు సంస్థకు రాదు, 'ప్రాజెక్టు'కు వస్తుంది. ప్రాజెక్టుకు రెండేళ్లో, మూడేళ్లో గడువు వుంటుంది. ఏ తేదీకి ఎన్ని సమావేశాలు, ఎంతమందికి శిక్షణ, ఎన్ని గ్రామాలు అనే పట్టిక ముందే తయారవుతుంది. నివేదిక ఇంగ్లీషులో వెళుతుంది, తర్వాత తెలుగులోకి దిగుతుంది. ఇది కుట్ర కాదు, గుమాస్తా పద్ధతి. కాని గుమాస్తా పద్ధతి కుట్ర చేయలేని పనులు కూడా చేస్తుంది. అది భాషను మారుస్తుంది.

ఈ నివేదికల తెలుగును ఎవరైనా ఓపికతో పరిశీలిస్తే నేను చెప్పేది తెలుస్తుంది. అందులో కూలివాడు వుండడు, 'లబ్ధిదారు' వుంటాడు. భూమి గుంజుకున్న ఆసామి వుండడు, 'భూమి అందుబాటులో లేకపోవడం' వుంటుంది. దోపిడీ వుండదు, 'బలహీన స్థితి' వుంటుంది. సమ్మె వుండదు, 'అవగాహన సదస్సు' వుంటుంది. 'సాధికారత', 'భాగస్వామ్యం', 'సామర్థ్యాల పెంపు' అనే మాటలు పేజీ పేజీకీ దొర్లుతాయి. వాటిలో ఏ ఒక్కటీ ఊళ్లో కూలిజనం నోట వినిపించదు. ఈ మాటలన్నిటికీ ఉమ్మడి లక్షణం ఒకటుంది. వాటితో వాక్యం కట్టినప్పుడు కర్త లుప్తమవుతాడు. అన్యాయం 'జరుగుతుంది', హక్కులు 'ఉల్లంఘించబడతాయి', ప్రజలు 'వెనుకబడి వుంటారు'. ఎవరు చేశారు, ఎవరు ఉల్లంఘించారు, ఎవరు వెనక్కి నెట్టారు అన్న ప్రశ్నకు వ్యాకరణంలోనే చోటు లేదు. వ్యాకరణ పండితులు దీన్ని కర్మణి ప్రయోగం అంటారు. నేను దీన్ని గ్రాంటు ప్రయోగం అంటాను.

దీని పక్కన మన పౌరహక్కుల సంఘాల నిజనిర్ధారణ నివేదికను పెట్టి చూడండి. శైలి మోటుగా వుండవచ్చు, అచ్చుతప్పులు వుండవచ్చు. కాని అందులో ఊరి పేరు వుంటుంది, తేదీ వుంటుంది, పోలీసుస్టేషన్ పేరు వుంటుంది, అధికారి హోదా వుంటుంది. చనిపోయినవాడు ఎవరి కొడుకో వుంటుంది, చంపినవాడు ఎవరో వుంటుంది. ప్రతి వాక్యానికీ కర్త వుంటాడు. పౌరహక్కుల సంఘంలోనూ, తర్వాత మానవ హక్కుల వేదికలోనూ పనిచేసిన బాలగోపాల్ రచనలకు తెలుగు వచనంలో ఒక స్థానం వున్నదంటే అందుకు ముఖ్య కారణం ఇదే. ఆయన తర్కం ఎంత క్లిష్టమైనదైనా ఫలానా పని ఫలానావాడు చేశాడన్నది మాత్రం ఎప్పుడూ తప్పిపోదు.

4

ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది? ఈ సంఘాలు విదేశాల నుంచి గానీ, ప్రభుత్వం నుంచి గానీ విరాళాలు తీసుకోరాదన్నది నియమంగా పెట్టుకున్నాయి. సభ్యుల చందాలు, ఊరివాళ్లు పెట్టే భోజనం, ఎర్రబస్సు ప్రయాణం, వీటి మీదే పని నడిచింది. గడువు లేదు, పట్టిక లేదు. ఎవరికీ ఇంగ్లీషులో జవాబు చెప్పుకోనవసరం లేదు.

ఇక్కడ మొదటి కథలోని మనిషి ఒకరు మళ్లీ కనిపిస్తారు. 1975 జూలైలో, ఎమర్జెన్సీ కాలంలో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులను కాల్చిచంపి 'ఎదురుకాల్పులు' అన్నారు. 1977లో ఈ ఎన్‌కౌంటర్ల మీద విచారణకు మాజీ న్యాయమూర్తి తార్కుండే అధ్యక్షతన కమిటీని వేసినవారు జయప్రకాశ్ నారాయణ్. కన్నబిరాన్ వంటి న్యాయవాదులు దానితో కలిసి పనిచేశారు. ఆ కమిటీ కట్టివేసి కాల్చారని తేల్చింది. ఫలితంగా ప్రభుత్వం భార్గవ కమిషన్‌ను వేయక తప్పలేదు. ఒకనాడు సి.ఐ.ఎ. సొమ్ముతో నడిచిన సంస్థకు గౌరవాధ్యక్షుడుగా వున్న మనిషి వేసిన కమిటీయే తెలుగునేల మీద జరిగిన హత్యల నిజాన్ని దేశం ముందు పెట్టింది. 'వాడు ఎవరి సొమ్ము తిన్నాడు' అన్న ఒక్క ప్రశ్నతోనే మనుషులను తూచేవారు ఈ సంగతిని ఏ పెట్టెలో పెడతారు?

ఇప్పుడు పాలకుల వాదనకు వస్తాను. మాకు హక్కుల మీద కోపం లేదు, విదేశీ సొమ్ము మీదనే కోపం అంటారు వారు. సరే, పరీక్షిద్దాం. విదేశీ సొమ్ము పైసా ముట్టనివారిని మన రాష్ట్రంలో ఎలా చూశారు? పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడు, చిన్నపిల్లల డాక్టరు రామనాథంను 1985 సెప్టెంబరు 3న వరంగల్లులో చంపారు. 1989లో బాలగోపాల్‌ను అపహరించారు. 1991లో వరంగల్లులోనే న్యాయవాది నర్రా ప్రభాకరరెడ్డిని చంపారు. 2000 నవంబరులో హైదరాబాదులో పురుషోత్తంను, 2001 ఫిబ్రవరిలో నల్లగొండలో ఆజం అలీని నరికి చంపారు. వీరి ఖాతాల్లో ఏ డాలరు దొరికింది? దొరకలేదు కాబట్టి ఖాతాలు స్తంభింపజేయడం కుదరలేదు. కుదరకపోతే కత్తులూ తుపాకులూ వచ్చాయి. కోపం సొమ్ము మీద కాదు, వాక్యంలోని కర్త మీద అని దీనివల్ల స్పష్టమవుతున్నది.

చట్టాన్ని చూసినా ఇదే తేలుతుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 1976లో, ఎమర్జెన్సీలోనే వచ్చింది. రాజకీయ పార్టీలూ, శాసనసభ్యులూ, పత్రికల సంపాదకులూ, కార్టూనిస్టులూ విదేశీ విరాళం తీసుకోరాదన్నది. 2010లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. 2014లో ఢిల్లీ హైకోర్టు కాంగ్రెస్, భారతీయ జనతా పార్టీలు రెండూ ఈ చట్టాన్ని ఉల్లంఘించాయని తీర్పు చెప్పింది. తర్వాత ఏమైంది? 2016లో 'విదేశీ' అన్న మాట నిర్వచనాన్ని సడలించి ఆ సడలింపు 2010 నుంచే అమలులో వున్నట్టు శాసించారు. అదీ చాలక 2018లో దాన్ని 1976 ఆగస్టు దాకా వెనక్కి జరిపారు. పార్టీలు నలభై రెండేళ్ల వెనుకటి తప్పునుంచి కూడా విముక్తి పొందాయి. సంస్థలకు మాత్రం 2020లో ఉచ్చు బిగించారు. వచ్చిన విరాళాన్ని మరో చిన్న సంస్థకు ఇవ్వరాదు, కార్యాలయ ఖర్చు యాభై శాతం నుంచి ఇరవైకి తగ్గించాలి, ఢిల్లీలోని ఒకే ఒక్క స్టేట్‌బ్యాంకు శాఖలో ఖాతా తెరవాలి. అదే సంవత్సరం సెప్టెంబరులో, ఖాతాలు స్తంభించిపోగా, ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ భారతశాఖ పని ఆపివేసింది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అన్న సామెతకు ఇంతకంటే మంచి వ్యాఖ్యానం వుండదు.

5

విరాళం లేని బాటే సర్వోత్తమమని నేను అంటున్నానా? అంత తేలికగా అనలేను. ఊరికే పనిచేయగలిగినవాడు ఎవడు? నెలనెలా మరెక్కడో జీతం వచ్చేవాడు. కాలేజీ ఉపన్యాసకుడు, వకీలు, డాక్టరు. ఇంటిపనీ, కూలిపనీ చేసుకునే స్త్రీకి ఆదివారం నిజనిర్ధారణకు వెళ్లే తీరిక ఎక్కడిది? మన హక్కుల సంఘాల్లో చాలాకాలం చదువుకున్న మగవాళ్లే ఎక్కువగా వుండడానికి ఇది ఒక కారణం. వెట్టివిముక్తి కేసులను ఏళ్ల తరబడి కోర్టుల్లో నడపడం, పాకీపని చేసేవారిని ఊరూరా లెక్కపెట్టడం వంటి పనులకు పూర్తికాలపు మనుషులు కావాలి, వారు తినాలి. ఆ తిండి స్థానికంగా దొరకకపోవడం ఎవరి లోపం? మన ధనవంతులు గుడికి గోపురం కట్టిస్తారు గాని, ఠాణాలో చచ్చిపోయినవాడి భార్యకు వకీలును పెట్టరు.

కాని ఆ తిండి ఎంత పలుచని దారం మీద వేలాడుతున్నదో 2025 చూపింది. జనవరి 20న అమెరికా అధ్యక్షుడు ఒక్క సంతకంతో విదేశీ సాయాన్ని తొంభై రోజులు నిలిపివేశాడు. జూలై 1 నాటికి ఆ దేశపు సాయసంస్థ యు.ఎస్.ఎయిడ్ అనేదే లేకుండా పోయింది. దేశదేశాల్లో దాని మీద ఆధారపడ్డ సంస్థలు కార్యాలయాలు మూసుకున్నాయి. 1991లో మాస్కో పుస్తకానికి పట్టిన గతే ఇది. దాత మనసు మారడానికి గ్రహీత తప్పు చేయనక్కరలేదు.

కాబట్టి విమర్శకుడుగా నేను ప్రతిపాదించే కొలత ఇది. ఒక పత్రికను గానీ, నివేదికను గానీ చేతికి తీసుకున్నప్పుడు మూడు ప్రశ్నలు వేయాలి. డబ్బు ఎక్కడిదో పాఠకుడికి చెప్పారా? ఆ డబ్బు రేపు ఆగిపోతే ఈ గొంతు బతుకుతుందా? అన్నిటికంటే ముఖ్యమైనది, ఇందులోని వాక్యాలకు కర్త వున్నాడా? మొదటి రెండు ప్రశ్నలకు జవాబు సంస్థవారు చెప్పాలి. మూడవదానికి వారిని అడగనవసరం లేదు, పేజీ తిప్పితే కనిపిస్తుంది. డాలరు తీసుకుని కూడా హంతకుడి పేరు రాసినవాణ్ణి నేను గౌరవిస్తాను. పైసా ముట్టకుండా, సొంత పార్టీకి కష్టం కలుగుతుందని పేరు మింగేసినవాణ్ణి గౌరవించలేను.

ఈ కొలతతో తూచే హక్కు పాఠకుడికి వుంది. దానికో ధర కూడా వుంది. దాత సొమ్ము వద్దని నిజం చెప్పే పత్రికనూ, సంఘాన్నీ మెచ్చుకుని ఊరుకుంటే అవి బతకవు. వాటి చందా కట్టేవాడే వాటి దాత కావాలి. సంవత్సరం చందా బాకీ పెట్టి, మన మేధావులు అమ్ముడుపోయారని వాపోయే పాఠకుడు ఆ అమ్మకంలో తన వాటా ఎంతో లెక్క చూసుకోవాలి.